పాతిక సెంట్ల పచ్చిమేత

దివ్య ఖుర్ఆన్ 80వ సూరా 'అబస'లో మానవుడు తన ఆహారం వైపు ఒకసారి దృష్టి సారించాలని అల్లాహ్ ఆదేశిస్తున్నాడు. ఆకాశం నుండి కురిసిన నీరు, చీలిన నేల, అందులో మొలిచిన ధాన్యం, ద్రాక్ష, ఆలివ్, ఖర్జూరం, దట్టమైన తోటలు. ఈ వరుసలో రెండు మాటల దగ్గర మనం సాధారణంగా ఆగము. ఒకటి 'ఖద్బ్', రెండవది 'అబ్బ్'. కోసిన కొద్దీ మళ్ళీ చిగిర్చే పచ్చిమేతను అరబ్బులు ఖద్బ్ అనేవారనీ, లూసర్న్ గడ్డి ఆ కోవలోనిదేననీ వ్యాఖ్యాతలు వివరించారు. అబ్బ్ అంటే పశువులు మేసే గడ్డి. హజ్రత్ ఉమర్ (రజి) ఈ సూరా పఠిస్తూ ఈ మాట దగ్గర ఆగి, పండ్లంటే తెలిసింది గానీ ఇదేమిటని ప్రశ్నించుకున్నారని తఫ్సీరు గ్రంథాలలో ఉన్నది. వరుస చివర, ఇదంతా మీకూ మీ పశువులకూ జీవనసామగ్రి అని అల్లాహ్ తెలియజేశాడు. మనిషి భోజనమూ పశువు మేతా విడివిడిగా కాక ఒకేచోట ప్రస్తావించబడ్డాయి.

మన ఇళ్లలో మాత్రం ఈ రెండింటి లెక్కలు ఎప్పుడో విడిపోయాయి. బియ్యం డబ్బా అడుగంటక ముందే గమనిస్తాము. గడ్డివామి అడుగంటిన సంగతి ఎనుము పాలు తగ్గించిన రోజున గాని మనకు తెలియదు.

కడప జిల్లా పడమటి భాగాన ఉన్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో ఒకటి రెండు ఎనుములు, ఒక ఆవుతో సంసారం నెట్టుకువచ్చే ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. వీరిలో దూదేకుల సోదరులు ఎక్కువగా పల్లెలలో, కొద్దిపాటి భూములతో ఉన్నారు. కొన్ని ఇళ్లలో మగవారు కువైట్‌లోనో సౌదీలోనో ఉంటే కొట్టం బాధ్యత ఇల్లాలిది, అత్తమ్మది. ఉదయం పాల కేంద్రంలో పోసిన పాలకు పదిహేను రోజులకొకసారి వచ్చే డబ్బు ఆమె చేతికి నేరుగా అందే ఏకైక ఆదాయం. పిల్లల ఫీజు, మందులు, పండుగ ఖర్చు అందులోనే. అటువంటి ఇంటిలో ఏప్రిల్, మే నెలలలో ఎనుము వట్టిపోతే, లేదా ఎదకు రాక ఏడాది గడిచిపోతే, నష్టం ఒక పశువుది మాత్రమే కాదు. ఎండాకాలం చివర సంతకు తోలుకుపోయి సగం ధరకు అమ్మి, వానలు పడ్డాక అప్పు చేసి మళ్ళీ కొనే కుటుంబాలను మేము ఎరుగుదుము. పశువు మంచిది కాదని వారు చెబుతారు. మా అభిప్రాయం వేరు: చాలా ఇళ్లలో లోపం పశువులో లేదు, దాని ముందున్న తొట్టిలో ఉన్నది.

మేత ఎక్కడికి పోయింది?

వెనుకటి తరం వారిని అడిగితే, ఆ రోజులలో గడ్డి కోసం ఎవరూ ప్రత్యేకంగా నేల కేటాయించలేదని చెబుతారు. నిజమే. అప్పుడు పంటే మేతను ఇచ్చేది. జమ్మలమడుగు, మైలవరం, పెద్దముడియం వైపు నల్లరేగడి నేలలలో జొన్న వేసేవారు. మనిషికి సంగటి, రొట్టె. పశువుకు ఏడాది పొడవునా చొప్ప. గత ముప్పై ఏళ్లలో ఆ నేలలను శనగ పంట ఆక్రమించింది. నేలలోని తేమతోనే నూరు రోజులలో చేతికి వచ్చే పంట, ధర కూడా వస్తుంది, రైతును తప్పుపట్టలేము. కాని శనగ కోసిన చేనులో పశువుకు మిగిలేది కొద్దిపాటి పొట్టు మాత్రమే. జొన్న పోవడంతో వామి పోయింది.

పులివెందుల వైపు కథ మరొకటి. అక్కడ వేరుశనగ ఉన్నంత కాలం చెనిక్కాయ కట్టె ఉండేది. ఎండుమేతలన్నింటిలో అది మేలైనది. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లయితే ఆకు రాలకుండా ఎండిన చెనిక్కట్టెలో దానికి రెట్టింపు పైనే ఉంటాయి. బోర్లు, డ్రిప్పు, పులివెందుల బ్రాంచి కాలువ, చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు నీళ్లు వచ్చాక అరటి, చీనీ తోటలు విస్తరించాయి. తోట యజమానికి లాభమే. తోటలో కూలికి పోయి సాయంత్రం ఎనుముకు మేత వెతుక్కునే కుటుంబానికి మాత్రం చెనిక్కట్టె లేదు, తోట లోపలికి పశువును పోనివ్వరు. అరటి బోదెను ముక్కలు చేసి వేస్తున్నారు గాని అందులో నూటికి 90 పాళ్లకు పైగా నీరే. కడుపు నిండినట్లు కనబడుతుంది, పొదుగు నిండదు. ఎండుగడ్డితో కలిపి కొద్దిగా వేయవచ్చు. అదే మేత అనుకుంటే పశువు చిక్కిపోతుంది.

ప్రొద్దుటూరు వైపు కర్నూలు–కడప కాలువ ఉన్నది. 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టిన ఈ కాలువ కింద వరి పండుతుంది, వరిగడ్డి దొరుకుతుంది. అయితే కోత యంత్రాలు వచ్చాక గడ్డి చేనంతా చిందరవందరగా పడి, తొక్కుడు పడి, సగం అక్కడే పోతున్నది. చుట్టలు కట్టే యంత్రం తెచ్చుకోగలిగిన వారికి వామి, లేనివారికి కొనుగోలు. పైగా వరిగడ్డిలో పిప్పి ఎక్కువ, సత్తువ తక్కువ. అందులోని ఆక్సలేట్లు పశువు ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుపోతాయి. వరిగడ్డి, తవుడు మాత్రమే తిన్న ఎనుము ఈనిన తరువాత కాళ్లు పట్టుతప్పి కూలబడితే ఆశ్చర్యపడనక్కరలేదు.

ఇక గట్లు. గట్టు మీది గరిక, చెంగలి కోసుకువచ్చి పశువును సాకిన అవ్వలు మనకు తెలుసు. ఇప్పుడు ఆ గట్ల మీద కలుపు చావడానికి గ్లైఫోసేట్ వంటి గడ్డిమందులు చల్లుతున్నారు. పసుపు రంగుకు తిరిగిన గడ్డిని తెలియక కోసుకువస్తే ఇంకా ప్రమాదం. ఎవరి గట్టు మీద కోస్తున్నామో ఆ రైతును అడగడం హలాల్–హరామ్ దృష్ట్యానే కాక పశువు ప్రాణం దృష్ట్యా కూడా అవసరమైపోయింది.

రెండు ఎనుములకు ఎంత నేల?

ఈ ప్రశ్నకు జవాబు ఐదెకరాలు, పదెకరాలు అని చాలామంది అనుకుంటారు. అందుకే ఆలోచనే చేయరు. లెక్క వేసి చూద్దాము.

సుమారు 450 కిలోల బరువున్న పాడి ఎనుముకు రోజుకు నీటిని తీసివేస్తే 12 కిలోల మేత కావాలి. దీనిని పచ్చిమేత 25 కిలోలు, ఎండుగడ్డి 6 కిలోలు, దాణా 2 కిలోలుగా అందించవచ్చు. పాలు ఎక్కువిచ్చే పశువుకు దాణా పెరుగుతుంది: ఒంటి పోషణకు ఇచ్చే దానికి తోడు ప్రతి రెండు లీటర్ల ఎనుము పాలకు ఒక కిలో అని మోటు లెక్క. రెండు ఎనుములకు రోజుకు 50 కిలోల పచ్చిమేత అంటే ఏడాదికి 18 టన్నుల పైచిలుకు.

ఏపీబీఎన్–1, కో–4 వంటి సజ్జ–నేపియర్ సంకర గడ్డి రకాలు మంచి నీరు, పుష్కలంగా పెంట ఉంటే ఏడాదికి ఎకరాకు 100 టన్నుల దాకా ఇస్తాయని వ్యవసాయ పుస్తకాలు చెబుతాయి. మన ఎండలకు, మన బోర్లకు అందులో 60 పాళ్లే వస్తాయనుకుందాము. అయినా 25 సెంట్లలో 15 టన్నులు వస్తుంది. మిగిలిన 3 టన్నుల కోసం 10 సెంట్లలో దశరథ గడ్డి. మొత్తం 35 సెంట్లు. ఇంటి వెనుక బోరు ఉండి, ఎకరా రెండెకరాలలో ఏదో పండించే కుటుంబానికి ఇది మోయలేని భారం కాదు.

దశరథ గడ్డిని ఎందుకు కలిపామో చెప్పవలసి ఉన్నది. నేపియర్ ఏపుగా పెరుగుతుంది గాని మాంసకృత్తులు నూటికి 8 నుండి 10 పాళ్లే. దశరథ గడ్డి, లూసర్న్, అలసంద, పిల్లిపెసర వంటి కాయజాతి మేతలు మాంసకృత్తుల గనులు. ఇటువంటి పచ్చిమేత 10 కిలోలు వేస్తే ఒక కిలో దాణా ఆదా అవుతుందని పశుపోషణ నిపుణుల లెక్క. దాణా బస్తా ధర ఎంత పెరిగిందో చదువరులకు మేము చెప్పనక్కరలేదు. పాల ఉత్పత్తి ఖర్చులో మూడింట రెండు వంతుల దాకా మేతకూ దాణాకే పోతుంది. మేతలో ఒక రూపాయి ఆదా చేసిన వారే పాలలో ఒక రూపాయి మిగుల్చుకుంటారు. దశరథ గడ్డి గింజ పైపొర గట్టిది. వేడినీటిలో కొద్ది నిమిషాలు ఉంచి, తరువాత చల్లని నీటిలో నానబెట్టి విత్తకపోతే సగం గింజలు మొలవవు. ఒకసారి నిలదొక్కుకుంటే మూడు నాలుగేళ్లు ఉంటుంది, నీటి ఎద్దడిని కూడా బాగానే తట్టుకుంటుంది.

పాతిక సెంట్ల నేపియర్ మడిని ఒకేసారి కోయడం తగదు. 45 పాయలుగా విభజించి రోజుకొక పాయ కోసుకుంటూ పోతే చివరి పాయ చేరేసరికి మొదటిది మళ్ళీ కోతకు వస్తుంది. ఒక్కొక్క పాయ సుమారు 27 చదరపు గజాలు. నాటిన తరువాత మొదటి కోత 70, 75 రోజులకు. ఆ తరువాత 45 రోజులకొకసారి. తొందరపడి లేతగా కోస్తే ఆక్సలేట్లు ఎక్కువ, నీరెక్కువ. ఆలస్యమైతే కాండం గట్టిపడి పశువు ఆకు తిని కర్ర వదిలేస్తుంది. కోసిన ప్రతిసారీ ఆ పాయకు పెంట, నీరు ఇవ్వాలి. రెండు ఎనుముల పేడ ఎక్కడికో పోనవసరం లేదు. కొట్టం కడిగిన నీరు, ఉచ్చ నేరుగా మడికి పారేలా చిన్న కాలువ తీసుకుంటే గడ్డి ముదురాకుపచ్చగా పెరుగుతుంది.

గడ్డి కత్తిరించే యంత్రం గురించి ఒక మాట. చేతితో తిప్పేది చాలు, రెండు పశువులకు మోటారు అవసరం లేదు. ముక్కలు చేయకుండా వేసిన నేపియర్‌లో ఎంత భాగం పశువు కాళ్ల కింద పోతుందో ఉదయం పూట తొట్టి ఊడ్చే ఇల్లాలికి తెలుసు. కొత్త పశువు కొనడానికి అప్పు చేసే ముందు ఈ యంత్రం కొనాలని మా సలహా.

అజోల్లా గురించి చాలామంది అడుగుతుంటారు. చిన్న తొట్టిలో పెంచుకోవచ్చు, దాణాలో కిలో రెండు కిలోలు కలుపుకోవచ్చు, మంచిదే. కాని మే నెల పులివెందుల ఎండలో నీడ లేని తొట్టిలో అది నిలవదు. మేతకు బదులు అజోల్లా అనే ప్రచారాన్ని మాత్రం నమ్మవద్దు.

జొన్న నాము

పచ్చిమేత పెంచుకోవాలనుకునేవారు ఈ భాగాన్ని తప్పక చదవాలి. మన ప్రాంతంలో జొన్న పశుగ్రాసంగా బాగా వస్తుంది. ఎస్‌ఎస్‌జి వంటి రకాలు పలు కోతలు ఇస్తాయి. కాని లేత జొన్నలో, వానలు ముఖం చాటేసి వాడిపోయిన జొన్నలో, కోసిన మొదళ్ల నుండి వచ్చిన పిలకలలో విషపదార్థం ఉంటుంది. పశువు తిన్నప్పుడు కడుపులో అది హైడ్రోసైనిక్ ఆమ్లంగా మారుతుంది. పెద్దలు దీనినే నాము అంటారు. నాము తగిలిన పశువు నోట నురుగు కక్కుతూ, ఊపిరాడక, వణుకుతూ నిమిషాలలో కూలిపోవచ్చు. తాడు విప్పుకుని పక్క చేలో పడిన ఎనుము తెల్లవారేసరికి చనిపోయిన సంఘటనలు ప్రతి కరువు సంవత్సరంలోనూ వినబడతాయి.

జాగ్రత్త కష్టమైనది కాదు. జొన్నను పూత దశకు వచ్చేదాకా కోయరాదు. బెట్టకు వాడిన పైరును నీరు కట్టి, తేరుకున్న తరువాతే కోయాలి. అనుమానం ఉంటే ఎండబెట్టి వేయాలి. ఎండితే విషం చాలా వరకు తగ్గుతుంది. ఖాళీ కడుపుతో పశువును జొన్న చేలోకి వదలరాదు. నాము తగిలిందని తోచిన క్షణమే పశువైద్యునికి కబురు చేయాలి. సోడియం థయోసల్ఫేట్ సూది సకాలంలో పడితే పశువు బతుకుతుంది. సంచార పశువైద్యశాల కోసం 1962 నంబరు ఉన్నది. చిట్కా వైద్యంతో కాలయాపన చేస్తే ఆ కాసేపట్లోనే ప్రాణం పోతుంది. తాయెత్తు కట్టించడానికి పరుగెత్తేవారు కూడా ఉన్నారు. ముందు వైద్యుడు, తరువాత దుఆ కాదు, రెండూ కలిసే సాగాలి.

సుబాబుల్‌ను కూడా మితంగానే వాడాలి. అందులోని మైమోసిన్ వల్ల వెంట్రుకలు రాలడం, ఎద దెబ్బతినడం జరుగుతుంది. మొత్తం మేతలో మూడవ వంతుకు మించకూడదు.

ఎండాకాలానికి వర్షాకాలంలోనే

ఏడాది పొడవునా పచ్చిమేత ఉండదు. ఏప్రిల్, మే నెలలలో బోరు తగ్గుతుంది, కాలువ ఆగుతుంది, నేపియర్ కూడా పెరగదు. దీనికి పాతర గడ్డి ఉపాయం. మొక్కజొన్నను కంకి పాలు పట్టే దశ దాటి గింజ కొద్దిగా గట్టిపడుతుండగా, అంటే సుమారు 75, 80 రోజులకు కోసి, అంగుళం ముక్కలు చేసి, గుంటలో గాలి లేకుండా తొక్కి, పైన ప్లాస్టిక్ పట్టా, మట్టి కప్పాలి. 45 రోజులకు తయారవుతుంది. రోజుకు 20 కిలోల చొప్పున రెండు ఎనుములకు 60 రోజులకు 2,400 కిలోలు. దానికి 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు గుంట సరిపోతుంది. మొక్కజొన్న 20 సెంట్లు చాలు. గాలి దూరిన చోట బూజు పడుతుంది, ఆ భాగం పారవేయాలి. పాలు పితికిన తరువాతే పాతర గడ్డి వేస్తే పాలకు వాసన రాదు.

గుంట తవ్వలేనివారికి మరో దారి: 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచడం. మాంసకృత్తుల విలువ రెట్టింపవుతుంది, గడ్డి మెత్తబడుతుంది. తీసిన తరువాత ఘాటు పోయేదాకా ఆరబెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు వేయరాదు. యూరియా కలిపిన నీటి బకెట్టును కొట్టంలో వదిలేయడం ప్రాణాంతకం. పశువు ఒక్కసారి తాగితే చాలు.

కాసింత పచ్చి కూడా లేకుండా నెలల తరబడి గడిపిన ఎనుముకు విటమిన్ ఎ లోపిస్తుంది. ఎద వస్తుంది గాని బయటకు కనబడదు; దీనినే మూగ ఎద అంటారు. ఆ ఒక్క ఎదను పోగొట్టుకుంటే 21 రోజులు, మూడు ఎదలు పోతే రెండు నెలల పాలు పోయినట్లే. పచ్చిమేత విలువను పాల గ్లాసుతో మాత్రమే కొలిచేవారు ఈ నష్టాన్ని చూడలేరు.

నీటి సంగతి

గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మన సోదరులు అక్కడి ఎడారి మధ్యలో గుండ్రటి పచ్చని చేలను చూసే ఉంటారు. వాటిలో అధికభాగం పశుగ్రాసమే. భూగర్భంలో యుగాలుగా నిలిచిన నీటిని తోడి లూసర్న్ పండించిన సౌదీ అరేబియా, ఆ నీరు తరిగిపోవడంతో పచ్చిమేత సాగును క్రమంగా ఆపివేయాలని 2015లో నిర్ణయించింది. అక్కడి పెద్ద పాల సంస్థ అల్‌మరాయ్ మేత కోసం అమెరికాలోని అరిజోనా, కాలిఫోర్నియా రాష్ట్రాలలో భూములు కొన్నది. ధనిక దేశం సముద్రాలు దాటి గడ్డి తెచ్చుకోగలదు. లింగాలలోనో వేములలోనో బోరు ఎండిన రైతు ఎక్కడి నుండి తెచ్చుకుంటాడు?

కనుక మన బోర్ల కింద లూసర్న్ వద్దని మేము అంటాము. అది నీరు ఎక్కువ తాగే పంట. దశరథ గడ్డి, అలసంద, గట్ల మీద అవిశ చెట్లు మనకు తగినవి. చీనీ తోట ఉన్నవారు చెట్ల వరుసల మధ్య అలసంద, పిల్లిపెసర చల్లుకోవచ్చు. తోటకు మందు కొట్టిన తరువాత డబ్బాపై రాసిన గడువు ముగిసేదాకా ఆ మేత కోయరాదు. మురుగునీటితో పెంచిన మేత కూడా ఆలోచించవలసిన విషయం. హైదరాబాదులో మూసీ ఒడ్డున పెరిగే పారా గడ్డి నగరపు పశువులకు మేతగా పోతుంది. మన పట్టణాల మురుగు కాలువల పక్క కూడా పారా గడ్డి మొలుస్తున్నది. మనం తాగే పాలు ఆ గడ్డి నుండే వస్తాయని గుర్తుంచుకుంటే చాలు.

నేల లేనివారు

ఇంతవరకు చెప్పినది 35 సెంట్లు ఉన్నవారికి. ప్రొద్దుటూరు పట్టణపు అంచు పేటలలో, పులివెందుల కాలనీలలో సెంటు నేల లేకుండా ఎనుమును సాకుతున్న కుటుంబాల మాటేమిటి? సమస్య అసలు ముడి ఇక్కడే ఉన్నది.

సహీహ్ బుఖారీలో ఒక ఉదంతం ఉన్నది. జకాత్ ఒంటెల కోసం ప్రభుత్వం కేటాయించిన పచ్చికబయలుకు హజ్రత్ ఉమర్ (రజి) తమ సేవకుడు హునైను అధికారిగా నియమించారు. కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి గొర్రెలు ఉన్నవారిని లోపలికి రానివ్వమనీ, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి), ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ (రజి)ల మందలను దూరంగా ఉంచమనీ ఆదేశించారు. ఆ ఇద్దరూ స్వర్గ శుభవార్త పొందిన మహనీయులు. అయినా కారణం ఉమర్ (రజి) స్పష్టంగా చెప్పారు: వారి పశువులు చనిపోతే వారికి తోటలున్నాయి, చేలున్నాయి. పేదవాని పశువు చనిపోతే అతడు పిల్లలను వెంటబెట్టుకుని ఖలీఫా వద్దకు వస్తాడు. అప్పుడు బంగారం, వెండి ఇవ్వడం కంటే ఇప్పుడు నీరు, గడ్డి ఇవ్వడమే తేలిక. పధ్నాలుగు శతాబ్దాల క్రితం చెప్పిన ఈ ఆర్థిక సూత్రాన్ని మించినది మన కరువు సహాయ పథకాలలో మాకు కనబడలేదు. కరువు ముదిరాక గడ్డి లారీలు తెప్పించడానికి అయ్యే ఖర్చుతో ముందే ఎన్ని మడులు పెంచవచ్చో ఎవరైనా లెక్క వేయవచ్చు.

నీరు, గడ్డి, నిప్పు ముస్లిములందరికీ ఉమ్మడి అని ప్రవక్త (స) బోధించినట్లు అబూ దావూద్ హదీసులో ఉన్నది. ఇక్కడ గడ్డి అంటే ఎవరూ నాటకుండా దానంతటదే మొలిచినది అని పండితులు వివరించారు. మన ఊళ్లలో అటువంటి ఉమ్మడి బయళ్లు ఎన్ని మిగిలాయి? గండికోట జలాశయం నిండడంతో కొన్ని ఊళ్లే నీటి కింద పోయాయి. తాళ్లప్రొద్దుటూరు వంటి పెద్ద ఊరు 2020లో ఖాళీ అయింది. ఇల్లు పోయిన వారికి పరిహారం లెక్క ఉంటుంది. పోయిన బీడుకు, మేపుకున్న గుట్టకు లెక్క కట్టడం కష్టం.

మరి మార్గం? ఖైబర్ భూములను పండిన దానిలో సగం చొప్పున సాగుకు ఇచ్చిన ప్రవక్త (స) ఆచరణ మన ముందున్నది. తోట ఉన్నవాడు గట్ల వెంట, పైపుల వెంట పాతిక సెంట్లు మేతకు ఇవ్వవచ్చు. నేల లేనివాడు శ్రమ పెట్టవచ్చు. గడ్డి సగం సగం, లేదా గడ్డికి బదులు పెంట. రెండు ఎనుముల పెంట తోటకు తక్కువ విలువైనది కాదు. ఇటువంటి ఒప్పందాన్ని నోటి మాటగా వదిలేయక, ఎంత నేల, ఎంత కాలం, ఎవరికి ఎంత అనేది కాగితం మీద రాసుకోవాలి. సూరా బఖరాలోని 282వ వాక్యం అప్పుల గురించి రాసుకోమన్న స్ఫూర్తి ఇక్కడా పనికి వస్తుంది. పొలం గట్టు దగ్గర మొదలైన తగవులు మసీదు కమిటీ దాకా రావడం మనకు కొత్త కాదు. ఉపాధి హామీ పథకం కింద పశుగ్రాస క్షేత్రాలు వేసుకునే వీలు కూడా ఉన్నది. గ్రామ సచివాలయంలోని పశుసంవర్ధక సహాయకులను అడిగితే ఆ ఏడాది ఏ పథకం నడుస్తున్నదో తెలుస్తుంది. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల, పులివెందులలో పశు పరిశోధన కేంద్రం ఉన్నాయి. జిల్లా వాసులు తలుపు తట్టి అడగడానికి సంకోచించవలసిన పని లేదు.

జకాత్, ఉష్ర్ గురించి కూడా సందేహాలు వస్తుంటాయి. ఆవులు, ఎనుములకు జకాత్ పరిమాణం 30 పశువుల నుండి మొదలవుతుంది. అదీ ఏడాదిలో అధికభాగం బయట మేసే మందకు. ఇంటి దగ్గర కట్టి మేపే పాడి పశువులపై హనఫీ మతం ప్రకారం పశు జకాత్ లేదు. పాల డబ్బు పొదుపై నిసాబుకు చేరి ఏడాది నిలిస్తే దాని జకాత్ వేరు. దానంతటదే మొలిచిన గడ్డిపై ఉష్ర్ లేదు గాని, నేలను గడ్డి కోసమే కేటాయించి పండిస్తే ఉష్ర్ వర్తిస్తుందని హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతాయి. వాననీటి పంటకు పదవ వంతు, తోడి పెట్టిన పంటకు ఇరవయ్యవ వంతు. మన నేలల విషయంలో ఇది ఎలా వర్తిస్తుందో స్థానిక ఉలమాను అడిగి తెలుసుకోవాలి. 15 టన్నులలో ఇరవయ్యవ వంతు 750 కిలోలు: నేల లేని పొరుగింటి ఎనుముకు ఒక నెల పచ్చిమేత.

కొట్టం బాధ్యత

అన్సారీ ఒకరి తోటలోకి ప్రవక్త (స) వెళ్లినప్పుడు అక్కడున్న ఒంటె ఆయనను చూసి కన్నీరు కార్చిన ఉదంతాన్ని అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) చెప్పారు. అబూ దావూద్‌లో ఉన్నది. ఆయన దాని చెవుల వెనుక నిమిరి, యజమానిని పిలిపించి, దానిని ఆకలితో ఉంచి ఎక్కువ పని చేయిస్తున్నావని అది మొరపెట్టుకున్నదని తెలిపి, అల్లాహ్‌కు భయపడమని మందలించారు. పాలు పితికేటప్పుడు కొంత వదలమని ఆయన చెప్పినట్లు జిరార్ బిన్ అజ్‌వర్ (రజి) ఉల్లేఖనం ఉన్నది. ఎనుము దూడను, ముఖ్యంగా మగ దూడను, పాలు లేక చావనివ్వడం మన కొట్టాలలో ఎంత మామూలైపోయిందో అందరికీ తెలుసు. పుట్టిన గంటలోపే జున్నుపాలు, తరువాత మూడు నెలలు కడుపుకు చాలినన్ని పాలు, రెండవ వారం నుండే లేత దశరథ గడ్డి కొమ్మ ఒకటి దూడ ముందు వేలాడదీయడం. పెయ్య దూడ అయితే మూడేళ్లకు అదే కొత్త ఎనుము. సంతకు పోయి కొననవసరం ఉండదు.

నేపియర్‌కు విత్తనం లేదు, కణుపులే నాటాలి. మూడు నెలలు ముదిరిన కాండాన్ని రెండు కణుపుల ముక్కలుగా కోసి, ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన ఉండేలా కొద్దిగా ఏటవాలుగా, రెండు అడుగుల ఎడంలో నాటాలి. జూన్, జూలై వానలు మొదలైనప్పుడు నాటితే మేలు. నీరుంటే నడి ఎండలు తప్ప ఎప్పుడైనా నాటవచ్చు. కోసిన కణుపులను తడి గోనెసంచిలో చుట్టి నీడన పెడితే రెండు మూడు రోజులు నిలుస్తాయి. పాతిక సెంట్లకు దాదాపు 2,700 ముక్కలు కావాలి. ఎక్కడో కొనడం కంటే, ఇప్పటికే మడి ఉన్న వారిని ఒక పాయ ముదరనివ్వమని ముందే అడిగి పెట్టుకోవడం మంచిది. ఒక పాయ ముదిరిన గడ్డి ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువారి మడులు మొదలుపెట్టడానికి సరిపోతుంది.